అన్న విమానంలో ఉండగా మోగిన ఫోన్

కిటికీ ఊచల మధ్య నుంచి ఫోన్ లాక్కున్నాను. పొడుగు వైరు. కిటికీ అవతల నిలబడి పక్కింటి లక్ష్మత్త, "మీ అన్ననే పోరీ! బాపు చెవికి పెట్టు, జల్దీ!" అని అరుస్తోంది.

దయ్యాల మాటెత్తితే పగలబడి నవ్వేదాన్ని నేను. మా నేతగాళ్ల పేట నీలం నగర్‌లో ఎవర్నడిగినా చెప్తారు. ఇప్పుడూ నమ్మను. కానీ ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

పొద్దున అన్న బాగానే ఫోన్ చేశాడు. మిల్లులో నేసిన చద్దర్ల నమూనాలు తీసుకుని, తను పనిచేసే సేఠ్‌తో మధ్యాహ్నం బొంబాయి నుంచి ఢిల్లీకి విమానం ఎక్కుతున్నాడు. మొదటిసారి. సేఠ్ కొత్త మొబైల్‌తోనే మాట్లాడాడు.

"విమానంల ఇది బంద్ పెట్టాల్నంట చెల్లె. దిగినంక బాపుతోని మాట్లాడ్త."

"ఎస్టీ బస్ అనుకొని కిటికీలకెళ్లి తల బయట పెట్టేవ్!" అన్నాను. బాపు కూడా నవ్వాడు.

మధ్యాహ్నం బాపుకు గుండెనొప్పి వచ్చింది. డాక్టర్ చూసి, కదిలిస్తే దారిలోనే పోతాడన్నాడు. బాపుది ఒకటే మాట: "పోరడేడి? ఒక్క మాట ఇనిపియ్యుండ్రి."

లక్ష్మత్త ఎన్నిసార్లు చేసినా ఆ మొబైల్ బందే.

మూడింటికి మిల్లు భోంగా కూసింది. అది ఆగకముందే లక్ష్మత్త ఇంట్లో ఫోన్ మోగింది.

బాపు చెవికి ఆనించి నేనూ తల పెట్టాను. అన్న గొంతే. వెనకాల చేతిమగ్గం చప్పుడు.

"జరుగు బాపు. తెగిన పోగు నేను అతుకుత. నువ్వు పోయి పండుకో."

చిన్నప్పుడు బాపు మగ్గం మీద అలసిపోతే అన్న రోజూ అనే మాట అది.

"మంచిది బిడ్డా" అన్నాడు బాపు. అంతే.

కబురు అంది, తిరుగు విమానంలో బొంబాయి చేరి, రాత్రి రైలు పట్టుకుని మర్నాడు తెల్లారి అన్న, సేఠ్ వచ్చారు. విమానం రెండింటికి లేచి, నాలుగు దాటాక దిగిందట. మొబైల్ ఆపేసి తన జేబులోనే పెట్టుకున్నానని సేఠ్ ఒట్టేశాడు.

అన్న బాపు కాళ్ల మీద పడి, "ఒక్క మాట మాట్లాడకపోతిని చెల్లె!" అని తల కొట్టుకున్నాడు.

"మాట్లాడినవ్ అన్నా" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. లక్ష్మత్త కూడా విన్నానంది. అది ఎవరి గొంతో, ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు.

బాపు మగ్గం మీద బట్ట కప్పబోతే, ఒక పోగు తెగి వేలాడుతోంది. చావింట్లో మగ్గం ముట్టొద్దని పెద్దలు అరుస్తూనే ఉన్నారు. నేను అన్నను రెక్క పట్టుకుని లేపాను. మగ్గం దగ్గరికి తీసుకెళ్లి, ఆ పోగు అతని వేళ్ల మధ్య పెట్టాను.