మూడు రొట్టెలు, నలుగురం

ఈ రోజు కొత్త చోడిపిండితో, అంటే రాగిపిండితో, రొట్టెలు చేశాను. కొత్త పంట నోట పెట్టేముందు చనిపోయినవాళ్ళకి వాటా తీయడం మా ఆచారం. ఈ ఏడాది ఆ వాటా జ్వరంతో పోయిన మా పెద్దమ్మాయిది. పిండికి మూడు రొట్టెలే వచ్చాయి. ఇంట్లో ఉన్నది నేను, ఆయన, మా చిన్నది. నా రొట్టె తీసి అడ్డాకులో పెట్టబోయాను.

ఆరో తరగతి చదివే చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

“ఏటి సేత్తన్నావమ్మా? నువ్వు పస్తుంటే లెక్క తప్పయిపోద్ది. ముందు ఒక్కో రొట్టిని నాలుగు ముక్కలు సెయ్యి. ఒక్కోదాన్నుంచి ఒక్కో ముక్క తీసి అక్కకెట్టు. మిగిలినవి మనకి తలా మూడు. అందరికీ ముప్పావే.”

“నాకు పావు తగ్గిపోనాది గదే గుంటా!” అన్నాడు వాళ్ళ నాన్న.

“తగ్గలేదు నానా, అక్క దగ్గిరికెల్లింది.”

నేను చదివింది రెండో తరగతే. ఏడుస్తూనే ముక్కలు సర్ది చూశాను. ఎవరికీ తక్కువ కాలేదు. పెద్దది పోయాక మేం నలుగురం కలిసి తిన్నది ఈ రోజే.

మీ పిల్లలు ఇలా పంచిన లెక్కలుంటే రాయండి. మా చిన్నది చూసి మార్కులు వేస్తుందట.