సంతకాల ప్రొదాన్

హరలాంబియె ప్రొదాన్ గారికి సంతకాల పిచ్చి. కాగితం కనబడితే చాలు, మూలన తోకతో సహా తన పేరు గీకేవారు. క్యాంటీన్ గోడ మీద ‘ఈరోజు క్యాబేజీ పులుసు’ అని అంటిస్తే దాని కిందా ఆయన పేరే.

రాజు ఉన్నప్పుడు రాజకీయ వ్యాసాలు రాసి, రాజు పోయి కమ్యూనిస్టులొచ్చాక బర్లాద్ ఊళ్ళో పార్టీ పత్రికకు సంపాదకుడైన మనిషి. ముప్పై ఏళ్ళలో కూడబెట్టింది బోలెడంత భయం. ఫోను మోగితే లేచి నిలబడేవారు. తలుపు చప్పుడైతే టోపీ పెట్టుకునేవారు. పోలీసులు పట్టుకుపోతే దారిలో చలి కదా.

ప్రూఫులు దిద్దే స్మరాందాకు మాత్రం ఆ సంతకాలంటే ఒళ్ళుమంట. పేజీ చదివినవాళ్ళే సంతకం పెట్టాలని రూలు. ఆమె పెట్టింది ఆయన రబ్బరుతో చెరిపేసి తనది పెట్టేవారు.

“చదివింది నేనైతే పేరు మీదేంటండీ?”

“నీ దస్తూరీ కోడిగీతలమ్మాయ్. పత్రిక పరువు పోతుంది.”

ఒక బుధవారం పొద్దున్నే స్మరాందా పత్రిక విప్పింది. జిల్లా కార్యదర్శి ఫోటో కింద పందుల పోటీ వాక్యం పడింది: ‘జిల్లాలోకెల్లా బలిసిన విజేత. రోజుకో బస్తా బంగాళదుంపలు తింటాడు.’ ఆ పేజీ దిద్దింది తనే. పోయినేడు ఇంతకంటే చిన్న తప్పుకే పక్క ఊరి ప్రూఫ్‌రీడరు మాయమైంది.

పదకొండింటికి తోలుకోటు వేసుకున్న రహస్య పోలీసు అధికారి వచ్చాడు.

“ఈ పేజీ చదివిందెవరు?”

స్మరాందా లేవబోయింది. ఈలోగా ప్రొదాన్ గారు టోపీ పెట్టుకుని నిలబడ్డారు. చేతిలో ప్రూఫు ముందుకు చాపారు.

“నేనే కామ్రేడ్. సంతకం చూడండి.”

“ఈ అమ్మాయి కాదా?”

“ఈవిడకి చదివే పని నేనెప్పుడిచ్చాను? పాత పేజీలన్నీ తిరగేసుకోండి. ఒక్కచోట ఈవిడ పేరుంటే నన్నడగండి.”

అధికారి ఆరేళ్ళ కట్టలు తిరగేశాడు. ఎక్కడా లేదు.

ఆయన్ని ఆరురోజులుంచుకుని, ఈ పిరికివాడు కుట్ర చేయలేడని తేల్చి, తేనెటీగల పెంపకం పత్రికకు తోసేశారు. సామాను తీసుకోవడానికి వచ్చినప్పుడు స్మరాందా గుమ్మంలో ఆపింది.

“అంత భయం పెట్టుకుని ఎందుకు చేశారండీ?”

“నాకు భయం అలవాటేగా. నువ్వు దానికి కొత్త, తట్టుకోలేవు.”

“అక్కడైనా జాగ్రత్తండీ. అక్కడా ఓ రాణి ఉంటుంది.”

“ఉంటే ఉందిలే,” అన్నారాయన టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ. “ఆవిడ ఫోటో కింద ఏం పడ్డా, ఆవిడకు చదువు రాదు.”