సాయిబు గారి సింగిల్ బిర్యానీ

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో సగం కోసేసుకుని చదవండి. మా ఇంట్లో పిల్లి ఈనినా నా నోట్లోంచి పులిగానే బయటికొస్తుంది. ఈ సంగతి తెలిసిన మా ఆవిడ, నాకు జ్వరమొచ్చిందంటే థర్మామీటర్ పెట్టి చూశాక గానీ జాలిపడదు. అయితే ఆ రోజుల్లో తిండి విషయంలో నాలాంటివాడికి కూడా పెంచి చెప్పే పని ఉండేది కాదు. హోటల్లో తినడమంటే ఏడాదికో పండగ, కాబట్టి ఏడాది ఆకలినీ పోగుచేసుకుని వెళ్లేవాళ్లం. హోటల్ వాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకు తగ్గట్టే వడ్డించేవారు.

అప్పుడు నాకు అశ్వారావుపేటలో ఆయిల్‌పామ్ నర్సరీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. (మొక్కలకు నీళ్లు అందాయో లేదో చూడటం నా పని. ఊళ్లో మాత్రం ఆఫీసర్‌నని చెప్పుకునేవాణ్ణి.) ఆ తోటలు చూసి తన పొలంలోనూ వేద్దామని మా బావ, అంటే మా అక్క మొగుడు, బోనకల్ నుంచి బయల్దేరాడు. ఆయన కంటే ముందు అక్క ఫోనొచ్చింది. "ఒరే, రేపు పొద్దున ఖమ్మంల మీ బావకు షుగర్ టెస్టు. ఈసారి గూడ తగ్గకపోతే ఇంక రోజూ సూదే అన్నడు డాక్టరు. నెల రోజులసంది జొన్నరొట్టె మీద కట్టేసి ఉంచిన. నీ దగ్గర ఒక్క పూట ఆగమైండంటే ఇద్దర్నీ గడప తొక్కనియ్య." బావకు సూదంటే ఎంత భయమంటే, బొంత కుట్టుకుంటున్న వాళ్లమ్మ పక్కన కూడా కూర్చునేవాడు కాదు. అలాంటి మనిషిని సూది నుంచి కాపాడే బాధ్యత నా నెత్తిన పడింది.

తోటలు తిరిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రోడ్డు మీదకు రాగానే ఒక బిర్యానీ హోటల్ ముందు బండి ఆపమన్నాడు బావ. అది ఆయనతో బోనకల్ బడిలో చదువుకున్న సాయిబు గారిది.

"పలకరించి పోదాం బామ్మర్ది. తినేదేం లేదు. చాయ్, అది గూడ చక్కెర లేకుండ."

సాయిబు గారు బావను చూసి కావలించుకున్న తీరుకు ఇద్దరి ఎముకల చప్పుడూ నాకు వినిపించింది. "చాయ్ తాగి పోతవా భయ్యా? బోనకల్ నుంచి వచ్చి నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు. బేరం మొదలైంది. చివరికి ఇద్దరికీ కలిపి ఒక్కటంటే ఒక్క సింగిల్ బిర్యానీ, ఒకే పళ్లెంలో, అని కుదిరింది. బావ నా వైపు తిరిగి, "చూసినవా, ఎంత మితంగ తింటున్ననో మీ అక్కకు చెప్పు" అన్నాడు. నేనూ సంతోషించాను. సింగిల్ అంటే ఒక మనిషికి అనుకునే వయసు మరి.

పళ్లెం వచ్చింది. పాపికొండల్లో ఒక కొండ తక్కువైందేమోనని ఇప్పటికీ నా అనుమానం. ఆ అన్నం గుట్ట వెనక బావ కనిపించకుండా పోయాడు. గొంతు మాత్రం వినిపిస్తోంది. పక్కన పెట్టిన గిన్నెలో షేర్వా వైరా రిజర్వాయరులా నిండుగా ఉంది, గట్టు మీద నిలబడి వల వేసుకోవచ్చు. వెంటనే ఒక ఉపాయం తోచింది. బావ ఒక ముద్ద తినేలోపు నేను మూడు తినేస్తే, ఆయన వాటాకు మిగిలేదే ఉండదు. కాపలా అంటే అదే కదా అనుకుని అక్క ముఖం తల్చుకుంటూ మొదలుపెట్టాను.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా బావ వాళ్లింట్లో విస్తట్లో మెతుకు వదిలి లేవడం పాపం. బావ వాళ్ల నాయన వ్యవసాయదారుడు, ఆకు మీద మెతుకు కనిపిస్తే పెళ్లి పందిట్లోనైనా మనిషిని లేవనిచ్చేవాడు కాదు. సాయిబు గారింట్లోనేమో మెహమాన్ పళ్లెం ఖాళీ అయిందంటే పెట్టినవాడు తలదించుకోవాలి, వచ్చినవాడికి ఇంకా ఆకలి తీరలేదని అర్థం. వీళ్లిద్దరూ చిన్నప్పటి దోస్తులే గానీ కలిసి తిన్నవి జామకాయలే, అవి కూడా వేరేవాళ్ల చెట్టువి. కాబట్టి ఒకరి పద్ధతి ఒకరికి తెలియదు. మేం చెమటలు కక్కుతూ పళ్లెం ఊడ్చేసరికి, సాయిబు గారు చిన్నబుచ్చుకున్న ముఖంతో లోపలికి పరిగెత్తి ఇంకో గుట్ట తెచ్చి దింపాడు.

"భాయ్, చాలు" అన్నాను.

"మొహమాటపడకు తమ్ముడు. రైస్‌కు మల్ల పైసల్ లేవు."

"వదిలేద్దాం బావా" అన్నాను గుసగుసగా.

"అన్నం పారేస్తమా? మా నాయన పైనుంచి చూస్తుంటడు."

"మీ నాయన పైనుంచి చూస్తడు, మా అక్క గుమ్మంల నిలబడి చూస్తది. ఎవరికి భయపడుదాం?"

"తిని ఆలోచిద్దాం" అన్నాడు బావ.

తిన్నాం. మళ్లీ వచ్చింది. పార్సిల్ కట్టమని ప్రాధేయపడ్డాను. సాయిబు గారు పళ్లెంలోది ముట్టుకోకుండా లోపల్నుంచి కొత్తది కట్టించి తెచ్చి, "ఇది చెల్లెమ్మకు" అని పక్కన పెట్టాడు. నా చొక్కా గుండీ ఒకటి తెగి ఎదురు బల్ల వాడి చాయ్‌లో పడింది. ఇక బతికి బట్టకట్టే ఆశ లేదనిపించి, "భాయ్, నువ్వు ఎప్పుడు ఆపుతవు?" అని అడిగేశాను.

సాయిబు గారు వింతగా చూశాడు. "మీరు ఆపితె నేను ఆపుత. పళ్లెం ఖాళీ చేస్తుంటిరి, ఇంక ఆకలి ఉందనుకోనా? ఒక్క ముద్ద వదిలిపెడితే మాకు సమజ్ అయితది కద."

బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పళ్లెంలో సరిగ్గా ఒక్క ముద్ద మిగిలి ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. పైకి చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్లు తుడుచుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ సగం కోసేసుకోమని మీకు చెప్పాను కాబట్టి ఏ సగమో కూడా నేనే చెప్పాలి. కొండ గురించి, రిజర్వాయరు గురించి, గుండీ గురించి మీరు పెద్దగా అనుమానపడకండి, అవి కొంచెం అటూ ఇటూగా నిజమే. నేను కల్పించింది బావ వదిలేసిన ఆ ముద్ద ఒక్కటే. సాయిబు గారు ఆ మాట అన్నాడు, బావ విన్నాడు, ముద్ద వైపు చాలాసేపు చూశాడు, తినేశాడు. మా భోజనం ఆగింది లోపల బిర్యానీ డేక్షా అడుగంటాక. సాయిబు గారు మా చేతులు పట్టుకుని, "మాఫ్ చేయండి భయ్యా, కడుపు నింపలేకపోయిన" అన్నాడు.

మర్నాడు ఖమ్మంలో డాక్టరు కాగితం చూసి సూది రాశాడు. అక్క గడప దగ్గర అడ్డం నిలబడుతుందనుకున్నాను. నిలబడలేదు. లోపలికి రమ్మని, సూది ఎలా పొడవాలో నర్సును అడిగి ముందే నేర్చుకున్నానని చెప్పింది. ఇప్పటికీ రోజూ పొద్దున అక్క సూది పొడుస్తుంది, బావ కళ్లు గట్టిగా మూసుకుని గోడవైపు తిరుగుతాడు.

ఇప్పుడు నాకు అప్పటి బావ వయసు. నాకూ ఒక డాక్టరున్నాడు, ఆయనా మితంగా తినమనే చెప్పాడు. మొన్న పనిమీద ఖమ్మం వెళ్లి ఒక్కణ్ణే సింగిల్ చెప్పుకున్నాను. ఈసారి వదిలేద్దామని చివరి ముద్ద దగ్గర చెయ్యి ఆపి, లేచి, చేతులు కడుక్కునే చోటిదాకా నడిచాను కూడా. అక్కణ్ణుంచి ఒకసారి వెనక్కి చూశాను. బల్ల తుడిచే ఆయన ఇంకా రాలేదు. వెళ్లి మళ్లీ కూర్చున్నాను.