మళ్లీ చూస్తారంట

వాకిట్లో ముగ్గు గీత కనబడితే ఇప్పటికీ నా కుడికాలు దానంతటదే పైకి లేస్తుంది.

తొమ్మిదేళ్లప్పుడు కడపలో రోలర్ స్కేటింగ్ మొదటి లెవెల్ పరీక్షకు వెళ్లాను. సిమెంటు నేల మీద ముగ్గుపిండితో పెద్ద సున్నా గీశారు. ఆ గీత మీదే ఒంటికాలితో చుట్టు తిరగాలి. నేను మూడుసార్లు రెండోకాలు దించాను. పరీక్ష పెట్టిన మేడం కాగితం మీద ‘మళ్లీ’ అని రాశారు.

నా ఆట ఆమెకు అంత నచ్చిందేమో అనుకున్నాను.

“నాయనా, మళ్లీ చూస్తారంట!”

మంగంపేట ముగ్గురాయి గనిలో ఆ పూట పని మానుకుని నాతో వచ్చిన నాయన కాగితం చూశాడు.

“శానా బాగా చేసినావమ్మా. వాళ్లే పిలుస్తార్లే,” అన్నాడు.

తప్పినవాళ్లకు అలా రాస్తారని, మళ్లీ మనమే పోయి అడగాలని ఆయనకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

పిలుపు కోసం చూస్తుండగానే పాదాలు పెరిగి, స్కేట్లు పట్టకుండా పోయాయి.