మామ్మకి చెయ్యని ఫోను

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్ళో నది పొంగబోతోందంటే ఆ కబురు ఒక ఇంటి ఫోన్లోంచి ఇంకో ఇంటి ఫోన్లోకి వెళ్ళేది. ఇప్పుడైతే చేతిలో ఉన్న ఫోను దానంతటదే కీచుమని అరుస్తుంది. మొన్న ఏప్రిల్లో అలాగే అరిస్తే మా మనవరాలు తీసి చదివింది. నదిలో మంచు విరుగుతోంది, పల్లపు రోడ్ల మీదకి నీళ్ళు రావచ్చు, పొద్దుగూకాక మళ్ళీ గడ్డకట్టే చలి, జాగ్రత్త అని. చదివేసి, "నాట్ అవర్ ఏరియా, అమ్మమ్మా" అని పక్కన పడేసింది. నేను మాత్రం కాఫీ కప్పు కింద పెట్టేశాను. యాభై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మొదట్నించీ రావాలి.

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి టీచరు ఉద్యోగం మీద కెనడా వచ్చారు. ఆ రోజుల్లో ఎడ్మంటన్‌కి ఉత్తరాన ఉన్న చిన్న చిన్న ఊళ్ళకి లెక్కల మేష్టర్లు దొరికేవారు కాదు. అందుకని మనవాళ్ళని పిలిచి మరీ ఉద్యోగాలిచ్చారు. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నాకప్పుడు పదేళ్ళు, తమ్ముడికి ఆరు. ఊరు మొత్తానికి మనలాంటి మొహాలు మావి నాలుగే. నాన్నగారి కాంట్రాక్టు ఏటేటా మే నెలలో రెన్యూ చేసేవారు. కాబట్టి ఏప్రిల్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని మెలిగేవాళ్ళం. తమ్ముడు బడిలో ఎవడినో తోసినా, అమ్మ కొట్లో చిల్లర గురించి గట్టిగా మాట్లాడినా నాన్నగారి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

మా ఇల్లు నది రోడ్డు మీద చివర్నుంచి రెండోది. చివరిది పక్కింటి మామ్మది. తెల్లావిడే, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నేను మా అలవాటు కొద్దీ మామ్మా అని పిలిస్తే ఆ మాట ఆవిడకి తెగ నచ్చి, తన పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. పక్కిల్లని పేరే గానీ మధ్యలో పెద్ద పల్లం ఉండేది. ఆవిడ ఇల్లు దాని అవతల, నది వంపుకి ఆనుకుని ఉండేది. బడి అయ్యాక నేను అక్కడే పడుండేదాన్ని. నది మంచుని ఎలా చూడాలో ఆవిడే నేర్పింది. తెల్లగా గట్టిగా ఉన్నన్నాళ్ళూ భయం లేదు, బూడిదరంగుకి తిరిగి అంచుల్లో నీళ్ళు కనిపిస్తే ఇక నమ్మకు అనేది. ఊళ్ళో ఇంకెవరికీ మాతో అంత తీరిక ఉండేది కాదు. ఆవిడకి మాత్రం నేనంటే ప్రాణం.

ఆవిడకి ఒక్కటే పట్టుదల, పోయేదాకా ఆ ఇంట్లోనే ఉండాలని. ఎడ్మంటన్‌లో ఉన్న కొడుక్కి అది సుతరామూ ఇష్టం లేదు. వయసు మీదపడింది, మతిమరుపు వస్తోంది, వృద్ధాశ్రమంలో చేరమని ఏడాదికోసారి వచ్చి రభస చేసేవాడు. వచ్చినప్పుడల్లా పరీక్ష పెట్టేవాడు. ఇవాళ ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు, వందలోంచి ఏడు ఏడు తీసుకుంటూ రా అని. అదేం చోద్యమో, కన్నతల్లికి బళ్ళో పిల్లకి పెట్టినట్టు పరీక్ష! అతను వచ్చే ముందు వారమంతా మామ్మ నాతో ప్రాక్టీసు చేయించుకునేది. నేను అడిగేదాన్ని, ఆవిడ చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. అతను నోరు మూసుకుని, బీటుదుంపల ఊరగాయ సీసా చంకనపెట్టుకుని వెళ్ళిపోయేవాడు. మేమిద్దరం కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

ఇక ఫోన్ల సంగతి. నదిలో మంచు విరిగే రోజుల్లో ఫైర్ హాల్, అదే ఫైర్ స్టేషన్, పెద్దాయన ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇచ్చేవాడు. మీకు ఫలానా వాళ్ళు ఫోన్ చేస్తారు, మీరు ఫలానా వాళ్ళకి చెయ్యాలి అని. మేం చెయ్యాల్సింది మామ్మకి. ఆవిడకి కారు లేదు కాబట్టి ఫోన్ చేసి, వెళ్ళి ఎక్కించుకుని, గట్టున ఉన్న బడి హాలుకి తీసుకెళ్ళాల్సిన పని కూడా మాదే. నాన్నగారు ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఈ ఊరు మనల్ని నమ్మింది చూశారా అని ఎంత పొంగిపోయారో.

ఆ రోజు గురువారం. మూడ్రోజులుగా రేడియో, నీళ్ళు రావచ్చు, రావచ్చు అంటూనే ఉంది. అలా విని విని జనం పట్టించుకోవడం మానేశారు. అమ్మ సాయంత్రం డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. ప్రళయం వచ్చినా దాని వేళ దానిదే. మేం చాప మీద కూర్చున్నామో లేదో ఫోన్ మోగింది. నాన్నగారే లేచి తీశారు. యెస్, యెస్, ఐ విల్ కాల్ హర్ రైట్ అవే అన్నారు. నా చెవులతో విన్నాను. ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగారు. మంచుగడ్డలు నదికి అడ్డం పడ్డాయట, నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయట, మోకరించండి అన్నారు.

"నాన్నగారూ, మామ్మకి ఫోను..." అన్నాను.

"ముందు దేవుడికి చెప్పుకుందాం. తర్వాతే మనుషులకి" అన్నారు.

మా నాన్నగారు చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే మీరు ఆయన్ని తేలిగ్గా తిట్టేసుకుని ఊరుకుంటారు. కష్టం వచ్చిందంటే ఆయనకి తెలిసిన మొదటి పని మోకాళ్ళ మీద పడటం. సముద్రాలు దాటించి ఇక్కడ నిలబెట్టింది ఆ ప్రార్థనే అని ఆయన నమ్మకం. కానీ ఆయనకి క్లుప్తంగా చెప్పుకోవడం చేతకాదే! ముందు ఇంతవరకూ నడిపించినందుకు కృతజ్ఞతలు. తర్వాత గుంటూరులో ఉన్న అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, పేరు పేరునా. తర్వాత బడి, బడి ప్రిన్సిపాలు. ఆ తర్వాత నది. చిట్టచివరికి మామ్మ. మా పొరుగున ఉన్న ఆ వృద్ధురాలిని నీ రెక్కల చాటున దాచు తండ్రీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగారు. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూశాను. ఏడూ ఇరవై అయిదు. ఫోన్ నా చేతికందే దూరంలో ఉంది. లేచి చెయ్యచ్చు. ప్రార్థనలో లేస్తే వీపు విమానం మోత మోగుతుందని ఊరుకున్నాను.

ఆమేన్ అన్నాక నాన్నగారు ఫోన్ ఎత్తారు. అందులో చప్పుడు లేదు, లైన్ పోయింది. అప్పుడు వినిపించింది బయటి నుంచి, లారీలోంచి కంకర దింపుతున్నట్టు ఒకటే హోరు. నాన్నగారు రబ్బరు బూట్లు తగిలించుకుని పరుగెత్తారు, వెనకే నేను. పల్లమంతా నీళ్ళు. ఆ నీళ్ళలో కార్లంత మంచుగడ్డలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాయి. ఇంకా వెలుతురుంది, అవతల మామ్మ ఇంటి వరండా మెట్లు మునిగిపోవడం స్పష్టంగా కనిపించింది. నాన్నగారు ఆవిడ పేరు పెట్టి అరిచారు. గొంతు చించుకుని అరిచారు. తర్వాత మమ్మల్ని కార్లో పడేసుకుని బడి హాలుకి తీసుకెళ్ళి, ఫైర్ హాల్ వాళ్ళకి చెప్పారు.

వాళ్ళు పడవ వేసుకుని వెళ్ళి, వెలుతురు పూర్తిగా పోకముందే ఆవిడని తెచ్చారు. మామ్మ కోటు తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, సర్దుకున్న బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వంటింటి బల్ల మీద కూర్చుని ఉందట. నీళ్ళు మోకాలెత్తు రావడంతో కాళ్ళు చాలాసేపు అందులోనే ఉన్నాయి. అప్పటికే చలి మళ్ళీ బిగుసుకుంది. మామూలు చలా అది! ఆసుపత్రిలో ఆవిడ మేజోళ్ళని మా అమ్మే కత్తెరతో కోసి తీసింది. తెల్లారేసరికి రెండు కాలివేళ్ళు తీసెయ్యాలని తేల్చారు.

మర్నాడు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. మంచం పక్కన కొడుకున్నాడు, ఎడ్మంటన్ నుంచి దిగాడు. అమ్మ కట్లు సర్దుతోంది. మేం వెళ్ళిన కాసేపటికే ఫైర్ హాల్ పెద్దాయన కూడా టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆయన అనుమానం ఒక్కటే. ఈవిడ బ్యాగుతో సహా తయారై కూర్చుంది, ఫోన్ కోసం కాచుకుని కూర్చున్నట్టుంది. మరి ఫోన్ వెళ్ళిందా లేదా? ఆయన నాన్నగారి వైపు తిరిగి నెమ్మదిగానే అడిగాడు. నాన్నగారు నోరు తెరిచారు. అమ్మ చేతిలో కట్టు ఆగిపోయింది. ఊళ్ళో అప్పటికే మాట పాకుతోందని, ఆ మాటకి మా ఉద్యోగం, మా ఇల్లు, మేం బడికి వెళ్ళడం అన్నీ వేలాడుతున్నాయని పదేళ్ళ నాక్కూడా తెలుసు.

మామ్మ నాన్నగారిని చూసింది. తర్వాత నన్ను చూసింది, కాస్త ఎక్కువసేపే. "ఫోన్ చేశారు" అంది. "నేనే కోటు వేసుకున్నాను, బ్యాగు సర్దుకున్నాను. ఇక కూర్చున్నాక ఎందుకు సర్దుకున్నానో మర్చిపోయాను."

కొడుకు ముందుకొచ్చాడు. అమ్మా, ఇవాళ ఏ వారం అన్నాడు. మామ్మ తాపీగా, ఆదివారం అంది. ఆ రోజు శుక్రవారం. ఆవిడకి శుక్రవారమని నిక్షేపంలా తెలుసు, గోడ మీద క్యాలెండరు ఎదురుగానే ఉంది. నాకు అర్థమైపోయింది. నేను కదిలాను, నోరు తెరవబోయాను కూడా. నాన్నగారి చెయ్యి నా భుజం మీద పడింది. నొక్కారు. నేను నోరు మూసుకున్నాను.

ఇల్లు బాగుచేస్తామని ఊరంతా ముందుకొచ్చింది. మోకాలెత్తు నీళ్ళు లోపలే గడ్డకట్టాయి గానీ, ఇల్లు బాగయ్యేదే. మనిషికి మతిపోయిందని తేలాక ఇల్లు దేనికి అన్నాడు కొడుకు. నెల తిరక్కుండా ఎడ్మంటన్‌లో ఆశ్రమానికి తీసుకెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నేను కారు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడుస్తూ, ఎందుకలా చెప్పావని అడిగాను. నీకింకా ఈ ఊళ్ళో బడి ఉంది కదే అంది. అంతే అంది. తన చిన్న రాజ్యాన్ని వదిలేసుకుని, చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ కారెక్కింది.

నాన్నగారి కాంట్రాక్టు మే నెలలో రెన్యూ అయింది. ఆ తర్వాతి ఆదివారం ఎడ్మంటన్‌లో తెలుగువాళ్ళ ఆరాధనకి వెళ్ళాం, ఒక అంకుల్ గారి బేస్‌మెంటులో జరిగేది. నాన్నగారు లేచి సాక్ష్యం చెప్పారు. వరద మా గుమ్మం దాకా వచ్చి, ప్రార్థన విని ఆగిపోయిందని. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ పెదవి కదపలేదు. తిరిగొస్తూ కార్లో మాత్రం, "పక్కింటి గుమ్మం దగ్గర కూడా ఆగమని చెప్పాల్సింది" అంది. ఆశ్రమం ఆ బేస్‌మెంటుకి పది నిమిషాల దూరం. ఒక్కసారి కూడా అటు కారు తిప్పలేదు. ఏటా క్రిస్మస్‌కి మాత్రం నాన్నగారు ఆవిడకి కార్డు పంపేవారు, కింద మా అందరి చేతా సంతకాలు పెట్టించి.

నేను యూనివర్సిటీకని ఎడ్మంటన్ వచ్చిన ఏడు, ఎలాగైతేనేం ధైర్యం చేసి వెళ్ళాను. అప్పటికి తొమ్మిదేళ్ళు. దారిపొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. మీరు మర్చిపోలేదు, మేమే ఫోన్ చెయ్యలేదు, అది మా తప్పు అని కొడుకు ముందు, నర్సుల ముందు అందరికీ చెప్పేద్దామని. మామ్మ చక్రాల కుర్చీలో ఉంది. సగమైపోయింది. నన్ను పోల్చుకోలేదు. ఎవరో కాలేజీ పిల్ల చూడ్డానికి వచ్చిందనుకుని చెయ్యి పట్టుకుని కబుర్లు మొదలుపెట్టింది. మా పక్కింట్లో ఒక మేష్టారు ఉండేవారు, ఇండియా వాళ్ళు, మంచివాళ్ళు అంది. వరద వచ్చిన రోజు ఆయన నాకు ఫోన్ చేశాడు, నేనే తెలివితక్కువగా మర్చిపోయాను, పాపం ఆయన ఎంత బాధపడ్డాడో అంది. ఆవిడ చెప్పిన అబద్ధమే చివరికి ఆవిడకి నిజమైపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఎప్పుడైనా కనబడితే నన్ను క్షమించమని చెప్తావా అని అడిగింది.

అప్పటిదాకా తప్పంతా నాన్నగారిదే అనుకునేదాన్ని. భుజం మీద చెయ్యి ఆయనది కదా, నేను చిన్నపిల్లని కదా అని. ఆ రోజు నా భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. నాకు పంతొమ్మిదేళ్ళు. పక్కనే నర్సు నిలబడి వింటోంది. దారంతా వల్లె వేసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఇప్పుడు చెప్తే ఈవిడ తట్టుకోగలదా, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు అని ఏవేవో సాకులు నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది, చెప్తానంటానేమోనని.

"పర్లేదు మామ్మా, మేం ఏమీ అనుకోలేదు" అన్నాను.