మేజరమ్మ మంచాన పడిన క్రిస్మస్

ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఏళ్ల తరబడి ఆయాగా చేస్తున్న ఆవిడను అందరూ మేజరమ్మ అనేవారు. పటాలానికీ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు. మెట్ల మీద ఆవిడ గొంతు వినిపిస్తే చాలు, పడుకున్న రోగులు కూడా సర్దుకుని కూర్చునేవారు. అందుకే ఆ పేరు. నోరు పెద్దదే గానీ, ఒళ్లు తుడిచినా, పక్కగుడ్డ మార్చినా నొప్పి తెలియనిచ్చేది కాదు.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. దుకాణంలో ఆయన చేతుల మీదుగా గడియారాలన్నీ నడిచేవి. ఇంట్లో మాత్రం మేజరమ్మ మాటే నడిచేది. కొడుకు పెళ్లై ఏడాది దాటినా కోడలిని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నువ్వు కూర్చో అమ్మాయ్, నేను చేస్తాగా" అనేది. ప్రేమగానే అనేది. కానీ ఆ పిల్లకు మాత్రం చుట్టపుచూపుగా వచ్చి ఇంకా వెళ్లిపోనట్టు ఉండేది.

ఒకరికి చేయడమే తప్ప, ఒకరి చేత చేయించుకోవడం మేజరమ్మకు తెలియదు. ఒళ్లు కాలిపోతున్నా తన మంచినీళ్లు తానే ముంచుకునేది. క్రిస్మస్ నాడైతే మరీను. పొద్దున ప్రార్థన ముగియగానే దువ్వెనలు, నూనె సీసా, రిబ్బన్లు సంచిలో వేసుకుని, సెలవు రోజైనా వార్డుకు వచ్చేసేది. చూడటానికి ఎవరూ రాని ఆడవాళ్లను కూర్చోబెట్టి జడలు వేసేది. "పండగపూట ఆ తలేంటమ్మా, పిచ్చుక గూడులా? ఇటు తిరుగు!" అని కసిరితే, తిట్టించుకున్న మనిషి ముఖం వెలిగిపోయేది.

ఆ ఏడు పండగకు ముందు రోజు, వార్డు తళతళలాడాలని సబ్బునీళ్లు పోసి నేల కడిగింది. "తడిగా ఉంది! ఒక్కరూ అడుగు పెట్టొద్దు!" అని గట్టిగా ఒక కేక వేసి, కిటికీ మూయడానికి తానే అడుగు పెట్టింది. జర్రున జారింది. కుడి మణికట్టు విరిగింది, మోకాలు బూరెలా వాచింది. డాక్టరు చేతికి పిండికట్టు వేసి, కదలొద్దని చెప్పి, ఖాళీగా ఉన్న మూల మంచం మీద పడుకోబెట్టాడు.

"నేనా? ఇక్కడా?" అంది మేజరమ్మ, ఎవరో తన కొలువు లాగేసుకున్నట్టు.

పరుగున వచ్చిన భర్త ఆవిడ ప్రాణానికి ఢోకా లేదని తెలుసుకున్నాక స్థిమితపడ్డాడు. "ఎంతమందితోనో పోరాడిన మేజరు, చివరికి సబ్బు చేతిలో ఓడిపోయింది" అన్నాడు. ఆవిడ ఉరిమి చూసింది. వార్డంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

క్రిస్మస్ పొద్దున, చుట్టూ జడలు లేని తలలు చూస్తూ పడుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ముందు తన జుట్టైనా దువ్వుకుందామని ఎడమ చేత్తో దువ్వెన పట్టుకుంటే అది జారి మంచం కిందికి పోయింది. అప్పుడే మామగారితో, భర్తతో కలిసి వచ్చిన కోడలు దాన్ని వంగి తీసింది.

"నేను దువ్వుతాను అత్తయ్యా."

"అక్కర్లేదు. ఉండనీ."

కోడలి ముఖం చిన్నబోయింది. పక్క మంచం మీది ముసలావిడ ఇదంతా చూస్తోంది. వీధి మలుపులో గుండీలూ దారపు ఉండలూ అమ్మి బతికిన మనిషి. మాట మొహమాటం ఎరగదు.

"మేజరమ్మా, చేసేదంతా నువ్వే చేస్తే మేం ఎప్పుడు చేసేది? ఇవాళ పుట్టినాయన ఎలా వచ్చాడు చెప్పు? తనంత తాను పక్కకు కూడా తిరగలేని పసిగుడ్డులా వచ్చాడు. ఎవరో గుడ్డలో చుట్టారు, ఎవరో ఎత్తుకున్నారు. దేవుడికి లేని నామోషీ నీకేంటే?"

మేజరమ్మకు ఎదురు చెప్పినవాళ్లు అక్కడ ఇంతవరకు లేరు. ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగి, కోడలికి వీపు అప్పగించింది.

"చిక్కులున్నాయి. చూసి తియ్యి."

తల్లి పోయాక ఆ తల మీద ఇంకొకరి చెయ్యి పడటం అదే మొదలు. వేళ్లు పాయలు తీస్తుంటే ఆవిడ కళ్లు నీళ్లతో నిండాయి.

"నొప్పి పుడుతోందా అత్తయ్యా?"

"లేదే. ఆపకు."

ఆ తర్వాత దువ్వెన మంచం మంచానికీ తిరిగింది. దువ్వేది కోడలు, మూల నుంచి అజమాయిషీ అత్తది. "ఆవిడకు పాపిడి వంకర పోతోంది! ఆ ఎర్ర రిబ్బను గుండీలమ్మకు కట్టు, నోటికి తగ్గట్టు ఉంటుంది!" ముసలావిడ విరగబడి నవ్వింది. నడవగలిగిన రోగి ఒకామె తడిగుడ్డతో మేజరమ్మ ముఖం తుడిచింది. ఎన్నడూ గొంతెత్తని భర్త ఉత్సాహం ఆగక పాట అందుకున్నాడు. శ్రుతి దారి శ్రుతిది, ఆయన దారి ఆయనది. అయినా వార్డంతా కలిసి పాడింది.

మధ్యాహ్నం కోడలు ఇంటి నుంచి తెచ్చిన క్యారియరు విప్పి ముద్దలు కలిపి పెట్టింది. మేజరమ్మ అడుగూ బొడుగూ మిగల్చకుండా తింది.

"ఎక్కడ నేర్చుకున్నావే వంట?"

"మీ వెనకాల నిలబడి చూసి, అత్తయ్యా."

మేజరమ్మ మంచి చేత్తో ఆ పిల్ల గడ్డం పుణికింది.

కట్టు విప్పాక మణికట్టు కాస్త బిరుసుగా మిగిలింది గానీ, ఆవిడ పని మానలేదు, గొంతూ తగ్గలేదు. వంటింట్లో ఇప్పుడు ఇద్దరి గొంతులు వినిపిస్తాయి. ఉప్పు దగ్గర పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ఎవరైనా టీ ఇస్తే మేజరమ్మ కూర్చుని, వేడిగా తాగి, "బావుంది" అంటుంది. మరుసటి క్రిస్మస్‌కు అత్తాకోడళ్లు కలిసి వార్డుకు వెళ్లారు. మగవాళ్ల వార్డులో గడ్డాలు గీసే పని తండ్రీకొడుకులకు పడింది. కొడుక్కి చెయ్యి ఇంకా కుదరలేదట. అయినా, అరగడ్డంతో ఉన్నాయన కూడా రోజంతా అద్దం చూసుకుంటూనే ఉన్నాడట.