వెండెల్‌ని జట్టులోంచి తీసేసిన ఏడాది

మా అక్క లొరెట్టా మొగుడు వెండెల్ క్రుప్పా ముప్ఫై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టే రోజుల్లో కూడా అతని బస్సెక్కిన పిల్లలు వేళకి బడికి చేరేవాళ్లు. ఆ సంగతి ఇప్పుడు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. వెండెల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అతని నోరు. ట్రూడీ బార్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, బంతి చేతబట్టి పరిగెత్తే మన ఫుట్‌బాల్ జట్టులో ఎవడు ఉండాలో ఎవడు ఊడాలో తేల్చి చెప్పే నోరు.

ఏ ఆటగాడి కాంట్రాక్టు ఎన్నేళ్లు, అందులో గ్యారంటీ ఎంత, ఏ ఏడు తీసేస్తే జట్టుకి నష్టం తక్కువ, అన్నీ బావకి కంఠతా వచ్చు. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వచ్చిందంటే, కాలేజీ కుర్రాళ్లని ఒక్కొక్క జట్టూ వంతులవారీగా ఎంచుకునే ఆ మూడు రోజులూ, సంత పశువుల్ని చూసినట్టు చూసేవాడు. "వీడి తుంటి బిగుసుకుపోయింది, మలుపు తిరగలేడు" అనేవాడు. "వీడు మంచి పిల్లాడు, అందుకే వద్దు" అనేవాడు. చాలాసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది.

జాలి అన్నది మాత్రం అతని దగ్గర లేదు. ఓ ఏడాది బాయిన్స్ అని మా జట్టు ముందు వరసలో ఆడే కుర్రాడికి మోకాల్లో నరం తెగిపోయింది. వాళ్లమ్మ గ్యాలరీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడవడం టీవీలో చూపించారు. బావ బీరు గ్లాసు దించి, "ఏడవనివ్వండి. ఇంకో పిల్లాణ్ణి కంటుందేమో, వాణ్ణి డ్రాఫ్ట్ చేద్దాం" అన్నాడు.

బల్లలు చరిచి నవ్వాం. నేనూ నవ్వాను.

మా బృందంలో ఆరుగురం. బావ, నేను, కార్లు అమ్మే గార్త్, నీళ్ల పైపులు బాగుచేసే డెనిస్, ఆస్కర్, నార్మ్ అనే అన్నదమ్ములు. స్టేడియంలో సరస్సు గాలి మొహాన కొట్టే వైపు, వరసగా ఆరు సీట్లు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ల కింద బావ రెండు రాత్రులు గుడారం వేసుకుని వరసలో నిలబడి సంపాదించిన సీట్లు అవి. కొత్త స్టేడియం కట్టాక సీటు హక్కు మళ్లీ కొనుక్కోవాలన్నారు. గార్త్ ఒక్కడి దగ్గరే అప్పుడు చేతిలో డబ్బు ఆడేది. అతను కట్టాడు. మేం నెలనెలా తీర్చేశాం. కాగితం మీద పేరు మాత్రం గార్త్‌ది అయింది. అప్పుడు దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

మా ఆరుగురిలో నేను చివర వచ్చినవాణ్ణి. అంతకుముందు ఆ సీట్లో హెరాల్డ్ అని పోస్టాఫీసు ఆయన ఉండేవాడు. ఆయన పెళ్లాం చచ్చిపోయాక ఆట మధ్యలో ఏడుపొచ్చేసేదట. ఓ సీజను చూసి బావే స్వయంగా ఆయన ఇంటికెళ్లి చెప్పొచ్చాడు: "హెరాల్డూ, అరవడానికి మనుషులు కావాలి మాకు, ఏడవడానికి కాదు." ఆ సీటు నాకిచ్చాడు. నాకప్పుడు మహా సంతోషం.

కిందటేడాది ఫిబ్రవరిలో బావకి పక్షవాతం వచ్చింది. అరవై మూడేళ్లు. కుడి చెయ్యి, కుడి కాలు, నోటికి కుడి పక్క. ఏప్రిల్‌కి లేచి కర్రతో నడిచాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. ఓ పేరు అనబోతే ఇంకో పేరు వచ్చేది. బుర్ర మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అదే అతని బాధ. లోపల మాట సిద్ధంగా ఉంటుంది, బయటికొచ్చేసరికి నాలిక దాన్ని నలిపేస్తుంది. ట్రూడీ బార్‌లో బావ మాట పూర్తయ్యేలోగా డెనిస్ ఫోను చూసుకునేవాడు. ఆస్కర్ లేచి మూత్రానికి వెళ్లేవాడు.

ఆగస్టులో సన్నాహపు ఆటకి అందరం వెళ్లాం. మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. వెనకవాళ్లు అరిచారు. ఆట జరుగుతుండగా బావ మూడుసార్లు బాత్రూంకి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లినప్పుడల్లా వరసంతా లేచి నిలబడాలి, ఒకడు వెంట వెళ్లాలి. మూడోసారి నేను వెళ్లాను. తిరిగొచ్చేసరికి మావాడు బంతి పట్టుకుని అటు చివరి దాకా పరిగెత్తిన పరుగు అయిపోయింది. గార్త్ నన్ను చూసి, "మంచి పరుగు. మీరు కడుక్కుంటున్నారు పాపం" అన్నాడు. బావ వినలేదనుకున్నాను. విన్నాడు. తర్వాత ఆట ముగిసేదాకా నీళ్లు కూడా ముట్టలేదు.

ఆగస్టు ఆఖర్లో జట్లన్నీ తొంభై మందిని యాభై ముగ్గురికి కుదించాలి. ఆ మధ్యాహ్నం మేం ఏటా ట్రూడీ బార్‌లో చేరి, ఎవరెవరు ఊడతారో ముందే రాసి పందెం వేసుకుంటాం. ఈసారి ఆ పూట అక్క బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మేం ఐదుగురమే ఉన్నాం.

ముప్ఫై ఏడుగురి పేర్లు రాశాక గార్త్ పెన్ను బల్ల మీద పెట్టకుండా, "ఇంకొకటి మిగిలింది" అన్నాడు.

"లెక్క సరిపోయిందిగా?" అన్నాడు నార్మ్.

"మన జట్టు సంగతిరా. వయసు అరవై మూడు. కుడి వైపు మొత్తం గాయం. ఆటకి నాలుగు క్వార్టర్లయితే, క్వార్టర్‌కి ఒకసారి మైదానం వదిలి వెళ్తాడు."

డెనిస్ కిసుక్కున నవ్వాడు. "కాంట్రాక్టు ఎంత మిగిలుందో?"

"గ్యారంటీ ఏం లేదు. పేరు నాది." గార్త్ బీరు గుటకేసి, "మా అల్లుడు బ్రెంట్ రెండేళ్లుగా అడుగుతున్నాడు. ముప్ఫై ఒక్కేళ్లవాడు. గొంతు ఉంది, మూత్రాశయం ఉంది" అన్నాడు.

నవ్వారు.

"ఒరేయ్, అది కాదురా," అన్నాడు ఆస్కర్. వాడొక్కడికే మొహం కాస్త మాడింది. "ఆ సీట్లు తెచ్చిందే వాడు."

"హెరాల్డ్‌ని తీసేసినప్పుడు వెండెల్ ఏమన్నాడో గుర్తుందా? మనసు పెట్టుకుని ఎవడూ గెలవడన్నాడు. వాడే ఇక్కడుంటే తనని తనే తీసేసేవాడు, రెండు నిమిషాలు పట్టేది కాదు." గార్త్ నా వైపు తిరిగాడు. "ఏం క్లిఫ్? మీ బావ. నువ్వు చెప్పు."

ఇక్కడ నేను ఓ మాట అనాల్సింది. ఏమనాలో కూడా తెలుసు. కానీ కాగితం మీద పేరు గార్త్‌ది. ఆరో సీటు ఖాళీ చేసే చెయ్యి ఐదో సీటూ ఖాళీ చేయగలదు. పైగా, నిజం చెప్పొద్దూ, ఆ పరుగు చూడలేకపోయిన సంగతి నేనింకా మర్చిపోలేదు.

"మీ ఇష్టం," అన్నాను.

"మా ఇష్టం కాదు. చెయ్యెత్తు."

ఎత్తాను. ఆస్కర్ కూడా ఎత్తాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ట్రూడీ గ్లాసులు తీసుకెళ్తూ, "మీరూ మనుషులేనట్రా" అనేసి పోయింది. చెప్పిరావడానికి నన్నే పంపారు.

బావ ఇంటి వెనక టమాటా మొక్కలకి ఎడమ చేత్తో తాళ్లు కడుతున్నాడు. ముడి పళ్లతో బిగిస్తున్నాడు. నేను కంచె ఇవతలే నిలబడి చెప్పాను. సీట్లు గార్త్ పేరు మీద ఉన్నాయనీ, మెట్లు కష్టమనీ, డాక్టరు కూడా వద్దంటాడనీ ఏదేదో కలిపాను.

బావ నోట్లోంచి తాడు తీశాడు. "ఎవణ్ణి... తీసుకున్నారు?"

"బ్రెంట్‌ని. గార్త్ అల్లుడు."

"వాడు... మూడో క్వార్టర్‌కి లేచి పోతాడు. ట్రాఫిక్... ట్రాఫిక్ అంటాడు." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎంతమంది చెయ్యెత్తారు?"

"బావా, అదెందుకు ఇప్పుడు?"

"ఎంతమంది?"

"ఐదుగురం."

తల ఊపాడు. కోప్పడతాడనుకున్నాను. బాయిన్స్ గురించి, హెరాల్డ్ గురించి మాట్లాడినప్పటి మొహమే పెట్టాడు. నా మీద చూపు నిలిపి, ఒక్కొక్క మాటనీ నలగనివ్వకుండా, పట్టుకుని పట్టుకుని బయటికి తెచ్చాడు.

"నిన్ను... ఆరేళ్ల కిందటే తీసేద్దామన్నారు. తాగి వాంతి చేసుకునేవాడివి. నీ పెళ్లాం పోయిన ఏడు. నలుగురూ అన్నారు. నేనే... ఆపాను." మళ్లీ తాడు పళ్ల మధ్య పెట్టుకోబోయి, "పొరపాటు," అన్నాడు.

లోపల్నుంచి అక్క వచ్చి మెట్ల మీద నిలబడింది. అంతా వింది. "కాఫీ తాగి పో," అనలేదు. నా కారు కదిలేదాకా అక్కడే నిలబడింది.

ఆ సీజనులో బావ రేడియోకి మళ్లీ ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. సోమవారం పొద్దున్న చిప్ మాలోరీ అని ఒకడు అభిమానుల ఫోన్లు తీసుకునేవాడు. ఇరవై ఏళ్లుగా బావ అందులో మాట్లాడుతూనే ఉన్నా, చిప్ ఈ గొంతుని పోల్చుకోలేదు. మా బంతి మోసే కుర్రాడికి జట్టు నాలుగేళ్ల కొత్త కాంట్రాక్టు ఇవ్వబోతోంది. వద్దని చెప్పడానికి చేశాడు బావ. వాడి మడమ పోతోందనీ, ఎడమ వైపు తిరిగేటప్పుడు పొట్టి అడుగులు వేస్తున్నాడనీ. మూడు నిమిషాల మాట. చిప్ అర నిమిషంలో ఆపేశాడు.

"సార్, సోమవారం పొద్దున్న తొమ్మిదికే మొదలెట్టేశారా? నిన్నటిది ఇంకా దిగలేదా?"

మేం ట్రూడీ బార్‌లో గుడ్లు తింటున్నాం. బ్రెంట్ కుర్చీ మీద పడి పడి నవ్వాడు. గార్త్ రేడియో గొంతు పెంచాడు. తర్వాతి సోమవారం బావ మళ్లీ చేశాడు. ఆ తర్వాతదీ. చిప్‌కి అది సరదా అయిపోయింది. "మన తొమ్మిదింటి తాగుబోతు లైన్లో ఉన్నాడా?" అని వెతికి మరీ తీసుకునేవాడు. జనం బావ మాటని అనుకరిస్తూ ఫోన్లు చేసేవాళ్లు. కార్ల దుకాణంలో గార్త్ దగ్గర పనిచేసేవాళ్లు కూడా అలా మాట్లాడి నవ్వుకునేవాళ్లు. ఒక్క ఫోను చేసి, ఆయనకి పక్షవాతం వచ్చిందయ్యా అని నేను చెప్పొచ్చు. నంబరు నాకు నోటికొచ్చు. చెయ్యలేదు. నవంబరులో అక్క ఫోను తీగ పీకేసిందని ట్రూడీ చెప్పింది.

ఆ కుర్రాడికి కాంట్రాక్టు ఇచ్చారు. డిసెంబరులో ఎడమ వైపు తిరుగుతూ కుప్పకూలాడు. మడమ. ముందే చెప్పింది ఎవరో స్టేడియంలో మా వరసలో ఎవరూ తలుచుకోలేదు. "దరిద్రపు జట్టు," అన్నాడు డెనిస్. బ్రెంట్ అప్పటికే లేచి పార్కింగులో ఉన్నాడు.

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ మొదటి సాయంత్రం నేను ట్రూడీ బార్‌కి వెళ్లకుండా, ఆరు బీర్ల పెట్టె, వేయించిన చేప పొట్లం పట్టుకుని బావ ఇంటికి వెళ్లాను. మెట్లెక్కాను. లోపల టీవీ మోగుతోంది. తలుపు కొట్టబోయి ఆగాను. మా జట్టు వంతు వచ్చింది. ఇంకా ఎవరూ పేరు చదవలేదు. లోపల బావ ఓ పేరు అన్నాడు, ముక్కలు ముక్కలుగా. అక్క ఆ పేరుని సరిగా పలికి, "ఇతనేనా?" అంది. "వాడే," అన్నాడు. కాసేపటికి టీవీలో మనిషి వేదిక మీదకొచ్చి అదే పేరు చదివాడు. అక్క చప్పట్లు కొట్టింది.

తలుపు కొట్టాను.

టీవీ గొంతు తగ్గింది. కిటికీ తెర పక్కకి జరిగింది. అక్క నన్ను చూసింది, నా చేతిలో పొట్లం చూసింది. లోపల్నుంచి బావ, "ఎవరు?" అని అడిగాడు.

"ఎవరూ లేరు," అంది అక్క, తెర వేసేస్తూ.

టీవీ గొంతు మళ్లీ పెరిగింది. తర్వాతి జట్టు వంతు నడుస్తోంది. చేప పొట్లం మెట్ల మీద పెడదామా అనుకుని, పెట్టకుండా, కార్లో కూర్చుని తినేశాను.